ప్రోటీన్, బరువుల వ్యాయామం, మూత్రపిండాలు: సరిహద్దు జిల్లాల పాఠకులకు సమాధానాలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ప్రోటీన్ గురించినవే. జిమ్ములు చిన్న పట్టణాలకు కూడా వచ్చాయి. వాటితోపాటు ప్రోటీన్ డబ్బాలు వచ్చాయి, ఆ డబ్బాలను చూసి ఇళ్ళలో పెద్దవాళ్ళకు భయాలూ వచ్చాయి. మూత్రపిండాల జబ్బుతో సతమతమవుతున్న ఉద్దానం ప్రాంతం మనకు కూతవేటు దూరంలో ఉన్నందువల్ల ఆ భయానికి ఇక్కడ అర్థం ఉన్నది. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు, బరువు 68 కిలోలు. పర్లాకిమిడిలో మా దుకాణం చూసుకుంటూ సాయంత్రాలు జిమ్ముకు వెళ్తున్నాను. రోజుకు రెండు స్కూపుల వే ప్రోటీన్ తాగమని కోచ్ చెప్పారు. మా అమ్మ పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి మండలం. మా పెద్ద మేనమామ డయాలిసిస్ మీద ఉన్నారు. ఆ డబ్బా కంటపడితే చాలు, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నది. ప్రోటీన్ ఎక్కువ తింటే కిడ్నీలు పాడవుతాయా?

సమాధానం: మీ అమ్మగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. ఆమె ప్రశ్నలో సగం సరైనదే. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను ప్రోటీన్ పాడు చేస్తుందనడానికి ఆధారం లేదు. అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను అధిక ప్రోటీన్ మరింత త్వరగా దెబ్బతీస్తుందనడానికి మాత్రం ఆధారం ఉన్నది. కాబట్టి డబ్బా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న తరువాతిది. మీ మూత్రపిండాలు ఏ స్థితిలో ఉన్నాయో ముందుగా తేలాలి.

మనం తిన్న ప్రోటీన్ శరీరంలో వాడకమైన తరువాత మిగిలే నత్రజని యూరియాగా మారి మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. ప్రోటీన్ పెరిగినప్పుడు మూత్రపిండంలోని సూక్ష్మమైన వడపోత గుచ్ఛాలలోకి రక్తప్రవాహం పెరుగుతుంది, వడపోత వేగమూ పెరుగుతుంది. ఆరోగ్యవంతునిలో ఇది శరీరం చేసుకునే సర్దుబాటు మాత్రమే. గర్భిణులలో కూడా వడపోత వేగం సహజంగానే పెరుగుతుంది. ప్రసవం తరువాత తిరిగి మామూలుకు వస్తుంది. అయితే వ్యాధివల్ల గుచ్ఛాలలో సగం పోయినవానిలో మిగిలిన సగం అప్పటికే రెట్టింపు పని చేస్తూ ఉంటాయి. వాటిమీద మరింత భారం మోపితే అవి కూడా త్వరగా అరిగిపోతాయి.

అమెరికాలో 1624 మంది నర్సులను 11 ఏళ్ళపాటు పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. మూత్రపిండాల పనితీరు సక్రమంగా ఉన్న స్త్రీలలో ఎక్కువ ప్రోటీన్ తిన్నందువల్ల నష్టం కనబడలేదు. అప్పటికే పనితీరు కొద్దిగా తగ్గి ఉన్నవారిలో, ముఖ్యంగా పాలు కాని జంతు ప్రోటీన్ ఎక్కువ తిన్నవారిలో, క్షీణత వేగంగా జరిగింది. ఆరోగ్యవంతుల మీద జరిగిన 28 ప్రయోగాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలోనూ అధిక ప్రోటీన్ వల్ల మూత్రపిండాల పనితీరు తగ్గినట్లు తేలలేదు. ఆ ప్రయోగాలలో చాలావరకు కొన్ని వారాలు, నెలలపాటు జరిగినవే అన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఉద్దానం సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మధుమేహం గానీ అధిక రక్తపోటు గానీ లేనివారికి సైతం దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వస్తున్నది. దాని మూలకారణం ఇప్పటికీ శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఈ వ్యాధి ముదిరేవరకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. మనిషి పొలం పని చేసుకుంటూనే ఉంటాడు. పైగా ఈ రకం వ్యాధిలో మూత్రంలో ప్రోటీన్ చాలామందిలో స్వల్పంగానే పోతుంది, కొందరిలో అసలే పోదు. అందుచేత మూత్రపరీక్ష ఒక్కటి చేయించి బాగానే ఉన్నదని నిశ్చింతగా ఉండటం మీ వంటివారికి సరిపోదు. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం), దాని ఆధారంగా లెక్కగట్టే వడపోత వేగం, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక రకం ప్రోటీన్)–క్రియాటినిన్ నిష్పత్తి, రక్తపోటు, ఈ నాలుగూ కలిపి చూడాలి. వడపోత వేగం 60 కంటే తక్కువగా లేదా ఆ నిష్పత్తి 30 కంటే ఎక్కువగా ఉండి, ఆ స్థితి మూడు నెలలు దాటినా కొనసాగితే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తాము.

పరీక్షకు వెళ్ళేముందు రెండు రోజులు బరువులు ఎత్తకండి, ముందురోజు రాత్రి మాంసం తినకండి. కండ ఎక్కువగా ఉన్నా, క్రియాటిన్ పొడి వాడుతున్నా, వండిన మాంసం తిన్నా క్రియాటినిన్ అంకె పెరిగి, బాగున్న మూత్రపిండం కూడా జబ్బుపడినట్లు కనిపిస్తుంది. మీలాగా కసరత్తు చేసే యువకుని నివేదికలో 1.3 అని కనబడి ఇంటిల్లిపాదీ హడలిపోయిన సందర్భాలు నాకు తెలుసు. అటువంటప్పుడు సిస్టాటిన్ సి అనే మరో రక్తపరీక్ష చేయిస్తే నిజం తెలుస్తుంది, ఎందుకంటే దానిపై కండ పరిమాణం ప్రభావం చాలా తక్కువ.

పరీక్షలన్నీ సక్రమంగా ఉంటే మీరు ప్రోటీన్ పెంచుకోవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణం ప్రకారం సాధారణ వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. మీ బరువుకు అది దాదాపు 56 గ్రాములు. బరువుల వ్యాయామం చేసేవారికి 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు ఉపయోగం కనిపిస్తుంది. 49 ప్రయోగాలను కలిపి 2018లో చేసిన మరో విశ్లేషణలో, 1.6 గ్రాములు దాటిన తరువాత కండ పెరుగుదలకు అదనపు లాభం తేలలేదు. మీకు ఆ పైహద్దు 109 గ్రాములు. అంతకు మించి తాగే ప్రతి స్కూపుకూ డబ్బు వృథా.

ఈ మోతాదులో చాలా భాగం ఇంటి వంటలోనే దొరుకుతుంది. రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, రెండు గుడ్లు, 300 గ్రాముల పాలు లేదా పెరుగు, 100 గ్రాముల చేప, గుప్పెడు వేరుశెనగ పలుకులు తింటే దాదాపు 85 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. కార్తీకంలో నెలంతా చేప, గుడ్డు ముట్టని ఇళ్ళలో ఆ లోటును 50 గ్రాముల మీల్ మేకర్ గానీ, మన ప్రాంతంలో ప్రతి మిఠాయి దుకాణంలోనూ దొరికే తాజా ఛెనా (విరిగిన పాల ముద్ద) 100 గ్రాములతో పాటు ఒక పూట ఉలవ గుగ్గిళ్ళు గానీ చాలావరకు పూడ్చగలవు. ఇవన్నీ తిన్నా చాలని రోజున ఒక స్కూపు తాగితే తప్పు లేదు.

పరీక్షలో తేడా కనబడితే మాత్రం డబ్బాను పక్కన పెట్టి మూత్రపిండాల వైద్యుడైన నెఫ్రాలజిస్టును కలవండి. వ్యాధి ముదిరే అవకాశం ఉన్నవారు కిలోకు 1.3 గ్రాములు మించకూడదని, వడపోత వేగం 60 కంటే తగ్గినవారు 0.8 దగ్గర ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. అప్పుడు కూడా వ్యాయామం మానవలసిన పని లేదు. మూత్రపిండ రోగులకు కండబలం మరింత అవసరం.

చివరగా ఒక మాట. కసరత్తు చేశాక ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని మింగే అలవాటు మన పట్టణాలలో విపరీతంగా ఉన్నది. చెమటతో నీరంతా పోయిన శరీరంలో ఆ మాత్రలు మూత్రపిండానికి రక్తప్రవాహాన్ని తగ్గిస్తాయి. మీ ఇంట్లో వెతకవలసిన శత్రువు ప్రోటీన్ డబ్బా కంటే ముందుగా ఆ మాత్రల పట్టీయే.

ప్రశ్న: మాది జయపురం. మా తమ్ముడికి 20 ఏళ్ళు. పోలీసు ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష కోసం మైదానంలో సాధన చేస్తున్నాడు. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం వందల కొద్దీ బస్కీలు తీయించారట. మరునాడు తొడలు కదపలేకపోయాడు, మూత్రం ముదురు టీ డికాక్షన్ రంగులో వచ్చింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఆసుపత్రికి వెళ్ళలేదు. వాడికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ‘లక్షణం’ మాత్రమే ఉన్నదని, జబ్బు లేదని లోగడ పరీక్షలో చెప్పారు. ప్రోటీన్ పెంచితే ఇలా జరగకుండా ఉంటుందా?

సమాధానం: జరిగినది ప్రోటీన్ లోపం కాదు, ప్రోటీన్ పెంచితే ఆగేదీ కాదు. అలవాటు లేని కండరాల చేత ఎండలో హద్దు మీరి పని చేయించినప్పుడు కండర కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. ఆ ముదురు రంగు దానివల్ల వచ్చినదే అయి ఉండాలి. మయోగ్లోబిన్ మూత్రపిండ నాళికలను దెబ్బతీస్తుంది. కొందరికి అత్యవసరంగా డయాలిసిస్ కూడా అవసరమవుతుంది. మీ తమ్ముడు గండం తప్పించుకున్నాడనే అనుకోండి. తగ్గిపోయింది కదా అని వదిలేయకుండా ఇప్పుడైనా క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించండి. మరోసారి అటువంటి రంగు కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళి, కండరాలు ఎంత దెబ్బతిన్నాయో తెలిపే సీపీకే అనే రక్తపరీక్ష చేయించి, సెలైను ఎక్కించవలసి ఉంటుందేమో చూపించుకోవాలి.

సికిల్ సెల్ విషయాన్ని మీరు రాయడం ఎంతో మేలు చేసింది. కొరాపుట్, రాయగడ, కలహండి జిల్లాలలో ఈ జన్యువు విస్తారంగా ఉన్నది. జబ్బు లేకుండా ఒక జన్యువు మాత్రమే ఉన్నవారు దాదాపు అందరిలాగే జీవిస్తారు, ఆటలు ఆడతారు. అయితే వేడి, నీటి కొరత, విరామం లేని తీవ్ర శ్రమ, ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడు వారిలో కండరాలు చితికిపోవడం, కుప్పకూలిపోవడం ఇతరులకంటే ఎక్కువగా జరుగుతాయి. కాబట్టి సాధన చేయించే శిక్షకునికి ఈ సంగతి దాచకుండా చెప్పండి. ఉదయం ఏడు గంటల లోపు, నీళ్ళ సీసా పక్కన పెట్టుకొని, మొదటి రెండు మూడు వారాలు తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. జ్వరం వచ్చిన వారంలో సాధన చేయకూడదు. కండరంలో నొప్పి గానీ బిగుతు గానీ మొదలైన వెంటనే ఆగిపోయే స్వేచ్ఛ అతనికి ఉండాలి. ఆగితే వెక్కిరించే శిక్షకుని దగ్గరికి పంపకండి.

ప్రశ్న: నాకు 58 ఏళ్ళు. రాయగడలో ఉంటాము. ఎనిమిదేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నాను. ఈ మధ్య పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నాను. మా కోడలు ప్రోటీన్ పొడి తెచ్చి పాలలో కలిపి ఇస్తున్నది. మూడు నెలలైనా తేడా తెలియలేదు. మేము గుడ్డు తింటాము, మాంసం తినము. ఈ వయసులో బరువులు ఎత్తవచ్చునా?

సమాధానం: అమ్మా, ఈ సంచికలో వచ్చిన ఉత్తరాలన్నిటిలో బరువుల వ్యాయామం అత్యవసరమైనది మీకే. జిమ్ముకు వెళ్ళే కుర్రవాడికి అది ముచ్చట. మీకు అది రేపు పడిపోకుండా, ఒకరి మీద ఆధారపడకుండా ఉండే మార్గం.

పొడి తాగినా తేడా తెలియకపోవడానికి కారణం ఉన్నది. బోస్టన్ నగరంలోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో సగటున 87 ఏళ్ళ వయసున్న 100 మందిపై జరిగిన ప్రయోగం 1994లో ప్రచురితమైంది. పది వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే తాగినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కండకు పని పడనిదే ప్రోటీన్ కండగా మారదు. తిన్నది ఖర్చయిపోతుంది, అంతే.

ఇంట్లోనే మొదలుపెట్టండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయించుకోండి. అంచుకు కొద్దిగా ముందుకు జరిగి కూర్చొని, పాదాలను భుజాలంత వెడల్పులో నేలకు ఆనించి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకోండి. ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. ఒకటి నుంచి నాలుగు లెక్కపెడుతూ నిదానంగా కూర్చోండి. ధడేలున కూర్చుంటే ఫలితం సగం పోతుంది, ఎందుకంటే దిగేటప్పుడే తొడ కండరం బాగా పని చేస్తుంది. చేతి సాయం లేకుండా లేవలేకపోతే కుర్చీలో ఒక గట్టి దిండు వేసుకొని ఎత్తు పెంచుకోండి, వారం పది రోజుల తరువాత దిండు తీసేయండి. ఎనిమిది సార్లు లేచి కూర్చున్నాక రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ అలాగే, మొత్తం మూడు విడతలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. పన్నెండు సార్లు సునాయాసంగా చేయగలిగిన నాడు రెండు కిలోల పిండి సంచిని గుండెలకు హత్తుకొని చేయండి. చేతుల కోసం గోడకు అరచేతులు ఆనించి దండీలు తీయండి. ఎప్పుడూ ఊపిరి బిగపట్టకండి, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

మధుమేహానికి కూడా ఇది మందు లాంటిదే. భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను ఇముడ్చుకునేవి కండరాలే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే చక్కెరను లోపలికి తీసుకోగలదు. అందుకే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు వ్యాయామం మొదలుపెట్టిన వారాలలో చక్కెర పడిపోకుండా చూసుకోవాలి; వణుకు, చెమట, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగి, మోతాదు గురించి మీ వైద్యునితో మాట్లాడండి. మొదలుపెట్టేముందే కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. మధుమేహం వల్ల కంటి లోపల కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులతో ముక్కడం వల్ల రక్తస్రావం కావచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా తప్పనిసరి. అది బాగున్నంతవరకు మీరు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ తీసుకోవచ్చు.

ఆ ప్రోటీన్‌ను మూడు పూటలకూ పంచండి. మన ఇళ్ళలో ఉదయం చోడి అంబలితోనో, ఉప్మాతోనో సరిపెట్టుకొని, ఉన్న పప్పంతా మధ్యాహ్నమే తినేస్తాము. వయసు మళ్ళినవారి కండరం చిన్న మోతాదులకు స్పందించదు. ఒక్కో పూటకు 20 నుంచి 25 గ్రాములు పడాలి. అంబలి మానకండి, దాని పక్కన రెండు గుడ్లు, పెసరట్టు, గిన్నెడు పెరుగు, వీటిలో రెండైనా చేర్చండి. ప్రోటీన్ ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుందని పూర్వం అనుకునేవారు. కాల్షియం చాలినంత అందేవారిలో ఆ భయం నిజం కాదని తేలింది. కోడలు ఇస్తున్న పొడిని ప్రేమతో ఇస్తున్నదని గ్రహించి తాగినా తాగవచ్చు, చక్కెర కలపనిదైతే. కాని ముందు కుర్చీ వేయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్ళు. బరువులు ఎత్తితే ఎత్తు పెరగడని అందరూ అంటున్నారు. నిజమేనా? (గుణుపురం)

సమాధానం: నిజం కాదు. సరైన పద్ధతిలో, తెలిసినవారి పర్యవేక్షణలో, తేలికపాటి బరువులతో చేసే వ్యాయామం ఎదుగుదలను ఆపదు. గాయాలు చాలావరకు పోటీపడి ఎత్తలేని బరువు ఎత్తబోయినప్పుడు అవుతాయి. ఆ వయసుకు పొడులు అవసరం లేదు. కడుపునిండా తిండి, ఎనిమిది గంటల నిద్ర కావాలి.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు, బరంపురంలో ఉద్యోగం. అన్నం పూర్తిగా మానేసి మాంసం, గుడ్లు మాత్రమే తింటూ జిమ్ముకు వెళ్తున్నాను. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. గత వారం అర్ధరాత్రి కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వచ్చింది. యూరిక్ యాసిడ్ 8.6 ఉన్నది.

సమాధానం: మీరు వర్ణించినది గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్ళలో పేరుకొని వాపు తెచ్చే జబ్బు) లక్షణమే. మాంసంలో, ముఖ్యంగా కాలేయం వంటి భాగాలలో, ప్యూరిన్లు ఎక్కువ. అవి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. పిండిపదార్థాలు పూర్తిగా మానేసినప్పుడు శరీరంలో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు ఆ యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా అడ్డుకుంటాయి. పైన బీరు కూడా తాగుతుంటే చెప్పనక్కరలేదు. పప్పులు మానమని మీకు చాలామంది చెప్తారు, వినకండి. పెద్ద అధ్యయనాలలో పప్పు, కూరగాయల ప్యూరిన్ల వల్ల గౌట్ ముప్పు పెరగలేదు, పాలు పెరుగు తీసుకున్నవారిలో తగ్గింది. గుడ్డులో ప్యూరిన్లు చాలా తక్కువ. అన్నాన్ని మునుపటిలో సగానికి తగ్గించి, మాంసాన్ని వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, ఆకుకూరలు, నీళ్ళు పెంచండి. మాంసం మితిమీరితే మూత్రంలో కాల్షియం పెరిగి, రాళ్ళు పడకుండా కాపాడే సిట్రేట్ తగ్గుతుంది, కాబట్టి రాళ్ళ ముప్పు కూడా ఉన్నది. నొప్పికి మందు వైద్యుడు రాసినదే వాడండి. తగ్గిన ఐదు కిలోలలో మొదటి ఒకటి రెండు కిలోలు నీరేనని కూడా గ్రహించండి.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటున్న విద్యార్థులం. పేరున్న కంపెనీ ప్రోటీన్ డబ్బా కొనే స్థోమత లేక, సగం ధరకు దొరికే పొడి తెచ్చుకుంటున్నాము. ఒక సీనియర్ ఇంజెక్షన్లు కూడా తీసుకుంటున్నాడు. ఏది సురక్షితం?

సమాధానం: 2024లో కేరళ వైద్యుల బృందం మన దేశ విపణిలో దొరికే 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షించగా, దాదాపు 70 శాతం డబ్బాలలో ప్రోటీన్ పరిమాణం చీటీ మీద రాసినదానికి సరిపోలలేదు, కొన్నింటిలో రాసినదాంట్లో సగమే ఉన్నది. కొన్నింటిలో బూజువల్ల పుట్టే విషమైన అఫ్లటాక్సిన్, పురుగుమందుల అవశేషాలు కూడా బయటపడ్డాయి. పేరున్న డబ్బాకే పూచీ లేనప్పుడు సగం ధరకు దొరికే పొడిలో ఏముంటుందో ఎవరు చెప్పగలరు? అదే డబ్బుతో కిలో వేరుశెనగ పలుకులు, కిలో మీల్ మేకర్, రెండు డజన్ల గుడ్లు కొనుక్కోండి. ఆ మీల్ మేకర్ ఒక్కదానిలోనే 500 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. వేయించిన శెనగలు, ఉలవలు, చోళ్ళు విడివిడిగా పొడి కొట్టించుకొని మజ్జిగలో కలుపుకొన్నా మంచిదే. పీచు తగ్గి మలబద్ధకంతో బాధపడేవారు పొడులు తాగేవారిలో ఎక్కువ. ఈ గింజలతో ఆ బాధ ఉండదు.

ఇంజెక్షన్ల విషయంలో నేను మెత్తగా చెప్పలేను. అవి చాలావరకు పురుష హార్మోనును పోలిన స్టిరాయిడ్లు. బయటినుంచి హార్మోను అందగానే వృషణాలు తమ పని మానేసి కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. మంచి కొలెస్టరాల్ తగ్గి, గుండె కండరం దళసరెక్కి బలహీనపడుతుంది. దీర్ఘకాలం వాడిన దేహదారుఢ్య సాధకులలో మూత్రపిండ గుచ్ఛాలు మచ్చలు కట్టిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఒకే సూదిని పంచుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవీ ముప్పులు అదనం. మీ సీనియర్‌ను నిందించకండి, వెంటబెట్టుకొని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళుగా అన్నది దాచకుండా చెప్పించి, రక్తపోటు, కాలేయం, మూత్రపిండాలు, కొలెస్టరాల్, టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయించండి. అవి మానేసిన తరువాత కొన్ని నెలలపాటు నీరసం, దిగులు, నిద్రలేమి రావచ్చు; ఆ నెలలలో అతడిని గదిలో ఒంటరిగా వదలకండి.